బానెట్ కొయ్యక ముందు గాలి ఎటు పోతోందో చూడండి

మీ సమస్యని ముందు రెండు ముక్కల్లో చెప్పుకుందాం. టర్బో (ఇంజిన్‌లోకి గాలిని ఎక్కువ ఒత్తిడితో తోసే పంపు) ఉన్న పెట్రోల్ కారు. ఎండలో ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే టెంపరేచర్ ముల్లు మధ్య గీత దాటి పైకి పోతోంది, అదే టైంలో ఏసీ చల్లదనం కూడా తగ్గుతోంది. హైవే మీద ఎత్తు ఎక్కేటప్పుడు కారు ఇదివరకటిలా లాగట్లేదు. బానెట్‌కి వెంట్లు, అంటే వేడి గాలి బయటికి పోయే కన్నాలు, పెట్టించాలా, లేకపోతే మీ ఫ్రెండ్ చెప్పినట్టు వెనక హింజ్‌ల కింద వాషర్లు వేసి బానెట్‌ని కాస్త ఎత్తితే సరిపోతుందా అని అడిగారు.

వెంట్లు పనిచేస్తాయి, సరైన చోట పడితే చాలా బాగా పనిచేస్తాయి. వాషర్ల ఉపాయం మాత్రం వద్దు, వేగం మీద అది మీకు కావలసిన దానికి సరిగ్గా ఎదురు పని చేస్తుంది, ఎందుకో కింద చెప్తాను. ఇక ట్రాఫిక్‌లో ముల్లు లేవడం అసలు వెంట్ల కేసే కాదు. ముందు దాన్ని తేల్చుకోండి.

చాలా కార్లలో డాష్‌బోర్డ్ మీద ముల్లు ఉన్నదున్నట్టు చూపించదు. కూలెంట్ (ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవం) 85 డిగ్రీల దగ్గరున్నా 100 దగ్గరున్నా ముల్లు మధ్యలోనే నిలబడేలా కంపెనీవాళ్లే సెట్ చేస్తారు, నడిపేవాళ్లు ఊరికే కంగారు పడకుండా. కాబట్టి ఆ ముల్లు కదిలిందంటే లోపల వేడి అప్పటికే బాగా పెరిగిందని అర్థం. ఇలాంటప్పుడు బానెట్‌కి కన్నాలు పెట్టుకుంటే అసలు లోపం కప్పబడిపోతుంది, అది ఇంకో రోజు రోడ్డు మధ్యలో బయటపడుతుంది. కూలెంట్ లెవెల్, రేడియేటర్ క్యాప్, థర్మోస్టాట్, ఫ్యాన్ రెండు స్పీడుల్లోనూ తిరుగుతోందా లేదా, ఇవన్నీ చూడండి. వీటికంటే ముందు ఇంకొకటి చూడండి, దాదాపు ఎవరూ చూడరు కాబట్టి చెప్తున్నాను. ఏసీ కండెన్సర్, అంటే ఏసీ లాగిన వేడిని బయటికి వదిలే జల్లెడ లాంటి భాగం, ముందుంటుంది, దాని వెనక వేలు కూడా సరిగ్గా పట్టనంత సందులో రేడియేటర్ ఉంటుంది. ఆ సందులోకి టార్చ్ వేసి చూడండి. ముందు నుంచి చూస్తే కండెన్సర్ శుభ్రంగానే కనబడుతుంది, కానీ దాన్ని దాటి వెళ్లిన దుమ్ము, పురుగులు, పీచు, ఎండాకులు అన్నీ రేడియేటర్ మొహం మీద దుప్పటిలా పేరుకుని ఉంటాయి. ముఖ్యంగా కింది మూలల్లో. దాన్ని ఇంజిన్ వైపు నుంచి బయటికి, తక్కువ ఒత్తిడి నీళ్లతో కడగాలి. ప్రెషర్ వాషర్ దగ్గరగా పెడితే సన్నటి ఫిన్స్ (రేకులు) వంగి మూసుకుపోతాయి, అప్పుడు కడగకపోవడమే నయం. మీకు ముల్లు లేవడం, ఏసీ తగ్గడం రెండూ కలిసి వస్తున్నాయి కాబట్టి నా అనుమానం మొదట ఈ సందు మీదే, తర్వాత ఫ్యాన్ మీద.

సరే, కూలింగ్ సిస్టమ్ అంతా బాగానే ఉందనుకుందాం. ఇప్పుడు వెంట్ల సంగతి.

పెట్రోల్ ఇంజిన్‌లో కాలిన ఇంధనంలో మహా అయితే మూడో వంతే పనికొస్తుంది. మిగతాదంతా వేడే, అందులో ఇంచుమించు సగం సైలెన్సర్ గుండా పోతే మిగతా సగం కూలెంట్‌లోకీ ఇంజిన్ చుట్టూ ఉన్న గాలిలోకీ పోతుంది. రేడియేటర్ ఆ వేడిని గాలికి ఇస్తుంది. కానీ ఆ గాలి వెళ్లేది ఎక్కడికి? నేరుగా ఇంజిన్ బేలోకే, అంటే బానెట్ కింద ఇంజిన్ ఉండే చోటికే. అంటే రేడియేటర్ దాటి వేడెక్కిన గాలి, టర్బో, ఇంజిన్ పొగని బయటికి తీసుకెళ్లే ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ వెదజల్లే వేడి, అన్నీ ఒకే చోట చేరతాయి. అక్కడినుంచి అది బయటికి పోవడానికి మామూలు కారులో ఉన్న దారులు రెండే: కింద గేర్‌బాక్స్ పక్కనుంచి నేల వైపు, లేదా పక్కల వీల్ ఆర్చ్‌ల సందుల్లోంచి. టర్బో, అది తోసే గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్, పైపులు, వైర్లు, బ్యాటరీ అన్నీ కుక్కేసిన ఈ కాలం ఇంజిన్ బేలో ఆ రెండు దారులూ ఇరుకే.

చాలామంది ముందు గ్రిల్ పెద్దది చేస్తే చల్లబడుతుందనుకుంటారు. వెనక తలుపు మూసేసి ముందు కిటికీ ఎంత పెద్దది పెట్టినా ఇంట్లో గాలి ఆడదు, ఇదీ అంతే. రేడియేటర్ గుండా ఎంత గాలి వెళ్తుందనేది దాని ముందున్న ప్రెషర్‌కీ వెనకున్న ప్రెషర్‌కీ మధ్య తేడా మీద ఆధారపడుతుంది. ముందు ప్రెషర్ ఎలాగూ ఉంది, కారు వేగమే ఇస్తోంది. వెనక ఇంజిన్ బేలో గాలి బయటికి పోలేక పోగుపడితే ఆ తేడా తగ్గిపోతుంది, గాలి రేడియేటర్‌లోంచి రాకుండా బంపర్ పక్కలనుంచి చుట్టుతిరిగి పోతుంది. వెంట్ చేసే అసలు పని ఇదే, వెనక ప్రెషర్‌ని దించడం. బానెట్ కింద నుంచి వేడి బయటికి పోవడం కంటికి కనబడేది, రేడియేటర్ గుండా గాలి ఎక్కువ లాగబడటం కంటికి కనబడని లాభం. నా దృష్టిలో రెండోదే పెద్దది.

అంకెలు కొన్ని చెప్తే సులువుగా పట్టుబడుతుంది. గంటకి 100 కి.మీ. వేగంలో గాలి ఎదురుగా కొట్టే ప్రెషర్ సుమారు 460 పాస్కల్స్, అంటే నీటి మట్టంలో కొలిస్తే 47 మిల్లీమీటర్లు. వేగం సగానికి తగ్గితే ప్రెషర్ సగం కాదు, నాలుగో వంతుకి పడిపోతుంది, 50 కి.మీ. దగ్గర 12 మిల్లీమీటర్లే. 20 కి.మీ. దగ్గర రెండు మిల్లీమీటర్లు కూడా ఉండదు. అందుకే హైవే మీద అద్భుతంగా పనిచేసే వెంట్ ట్రాఫిక్‌లో దాదాపు ఊరికే ఉంటుంది. అక్కడ గాలిని కదిలించేది ఫ్యాన్ ఒక్కటే.

ఇప్పుడు బానెట్ మీద ఎక్కడ ఎంత ప్రెషర్ ఉంటుందో చూద్దాం, ఎందుకంటే అంతా దీనిమీదే ఉంది. గాలి కారు ముక్కుకి కొట్టి పైకి మళ్లి బానెట్ ముందు అంచు మీదుగా వంపు తిరిగేటప్పుడు వేగం పుంజుకుంటుంది. అక్కడ, ఆ అంచుకి కాస్త వెనక, ప్రెషర్ బాగా తక్కువ, బయటి వాతావరణం కంటే తక్కువ. మధ్యకి వచ్చేసరికి ఆ లాగుడు తగ్గుతుంది. ఇంకా వెనక్కి, ముందు అద్దం మొదట్లోకి వచ్చేసరికి గాలి ఆ అద్దానికి తగిలి నెమ్మదిస్తుంది, ప్రెషర్ మళ్లీ పెరుగుతుంది, అక్కడ అది బయటి వాతావరణం కంటే ఎక్కువ. కారులోపలికి ఏసీ, బ్లోవర్ గాలి తీసుకునే జాలీ వైపర్ల కింద పెట్టింది అందుకే, గాలి దానంతట అదే లోపలికి తోసుకొస్తుందని.

అందుకని బానెట్ వెనక భాగాన్ని వాషర్లతో ఎత్తితే ఏమవుతుందో మీకే అర్థమైపోయుంటుంది. కారు ఆగి ఉన్నప్పుడు వేడి గాలి ఆ సందులోంచి పైకి వస్తుంది, చెయ్యి పెడితే వెచ్చగా తగులుతుంది, "చూశావా పనిచేస్తోంది" అంటారు. కారు వేగం పట్టగానే అదే సందులోంచి బయటి గాలి లోపలికి తోసుకొస్తుంది, ఇంజిన్ బేలో ప్రెషర్ పెరుగుతుంది, రేడియేటర్ గుండా వచ్చే గాలి తగ్గుతుంది. వెనక నుంచి గాలి లోపలికి వస్తుందన్న ఈ సూత్రాన్నే షెవ్రొలే వాళ్లు 1970 షెవెల్ కారులో వాడుకున్నారు, బానెట్ ఉబ్బుకి వెనక వైపు, అద్దం దగ్గర, ఒక తలుపు పెట్టి ఇంజిన్‌కి చల్లటి గాలి తీసుకున్నారు. బయటికి పంపడానికి కాదు, లోపలికి తీసుకోవడానికి. దీనికి తోడు ఇంకో ప్రమాదం కూడా ఉంది: ఆగి ఉన్నప్పుడు ఆ సందులోంచి వచ్చే గాలి నేరుగా ఏసీ జాలీలోకి పోతుంది. ఎక్కడైనా ఎగ్జాస్ట్ లీకు ఉంటే ఆ పొగ, అందులోని కార్బన్ మోనాక్సైడ్, మీ పిల్లలు కూర్చున్న క్యాబిన్‌లోకి వస్తుంది. ఈ ఒక్క కారణం చాలు నేను వాషర్లు వద్దనడానికి. పైగా ప్రమాదం జరిగినప్పుడు బానెట్ ఎలా ముడుచుకోవాలో లెక్క వేసి ఆ హింజ్‌లు పెడతారు, వాటితో ఆటలొద్దు.

స్కూప్‌కీ వెంట్‌కీ తేడా కూడా ఇక్కడే చెప్పాలి, రెంటినీ ఒకటే అనుకుని కొనేవాళ్లు చాలామంది. ముందుకి నోరు తెరిచి ఉండేది స్కూప్, అది గాలిని లోపలికి తెస్తుంది. సుబారు డబ్ల్యూఆర్‌ఎక్స్ బానెట్ మీద ఉన్నది అదే, దాని పని ఇంజిన్ మీద పడుకున్న ఇంటర్‌కూలర్‌కి గాలి ఇవ్వడం. మొదటి తరం ఫార్చ్యూనర్ డీజిల్ మీద ఉన్నదీ అంతే. మీ కారులో ఇంటర్‌కూలర్ ముందు బంపర్‌లో ఉంటే స్కూప్ వల్ల లాభం లేదు, ఇంజిన్ బేలోకి ఇంకాస్త గాలి నింపి ఉన్న రద్దీని పెంచుతుంది. 1945 ప్రాంతంలో అమెరికా ప్రభుత్వ వైమానిక పరిశోధన సంస్థ తయారుచేసిన నాకా డక్ట్ కూడా, బానెట్‌లోకి పల్లంగా త్రికోణంలా దిగి ఉంటుంది చూడండి, అది కూడా లోపలికి తీసుకునేదే. అందంగా ఉందని వేడి బయటికి పోవడానికి దాన్ని పెట్టించుకుంటే ఫలితం తిరగబడుతుంది.

బయటికి పంపే వెంట్ ఎక్కడ పెట్టాలి మరి? రేడియేటర్‌కి కాస్త వెనక, బానెట్ ముందు సగంలో. ప్రెషర్ తక్కువ ఉండేదీ అక్కడే, వేడి గాలి బయటపడేదీ అక్కడే, రెండూ కలిసొస్తాయి. రేస్ కార్లలో రేడియేటర్‌ని ముందుకి వాల్చి, దాని వెనక గాలిని డక్ట్‌తో నేరుగా బానెట్ పైకి వదిలేస్తారు, ఫోర్డ్ జీటీ40 ముక్కు మీద రెండు పెద్ద కన్నాలు ఉన్నది అందుకే. రోడ్డు కారులో అంత అక్కర్లేదు, చోటు కూడా ఉండదు.

అయితే ప్రతి కారు బానెట్ వంపు వేరు. నేను చెప్పానని కొయ్యకండి, కొలవండి. దీనికి పెద్ద పరికరాలేమీ వద్దు. సన్నటి పారదర్శకమైన ప్లాస్టిక్ ట్యూబు కొన్ని మీటర్లు, రంగు కలిపిన కొంచెం నీళ్లు, ఒక చెక్క. ట్యూబుని యు ఆకారంలో వంచి చెక్కకి బిగించి, వంపులో నీళ్లు పోసి, ఆ చెక్కని పక్క సీటులో కూర్చున్నవాళ్లు నిటారుగా పట్టుకోవాలి. ట్యూబు ఒక చివర ఇంజిన్ బేలో, రేడియేటర్ ఫ్యాన్‌కి వెనక, ఫ్యాన్ గాలి నేరుగా కొట్టని చోట టేపు వేసి పెట్టండి. రెండో చివర బానెట్ మీద. ఇక్కడ జాగ్రత్త కావాలి: ట్యూబు నోరు గాలికి ఎదురుగా ఉంటే తప్పు రీడింగ్ వస్తుంది, అందుకని మధ్యలో చిన్న కన్నం ఉన్న పల్చటి బిళ్లని బానెట్‌కి అంటేలా అతికించి, ట్యూబుని దాని అంచు లోంచి కన్నానికి కలిపితే బానెట్ పై ప్రెషర్ సరిగ్గా తెలుస్తుంది. ఖాళీ రోడ్డు మీద, గాలి పెద్దగా లేని రోజు, ఒకే వేగంతో పోతూ చూడండి. ప్రెషర్ తక్కువున్న వైపు నీళ్లు పైకి లేస్తాయి. బానెట్ వైపు నీళ్లు లేస్తే అక్కడ వెంట్ పెడితే గాలి బయటికి పోతుంది, ఎన్ని మిల్లీమీటర్లు లేస్తే అంత మంచి చోటు. ఇంజిన్ బే వైపు లేస్తే అక్కడ కన్నం పెట్టడం అంటే గాలిని లోపలికి పిలవడమే. బిళ్లని చేతి వెడల్పు చొప్పున వెనక్కి జరుపుతూ పోతే మీ బానెట్ మ్యాప్ మొత్తం ఒక సాయంత్రంలో తయారవుతుంది. నీటి మట్టం ఊగుతూ ఉంటుంది, కంగారు పడకండి, ఊగే మధ్యమట్టం తీసుకోండి. చదివేది పక్కనున్నవాళ్లే, నడిపేవాళ్లు రోడ్డు మీదే చూపు ఉంచాలి.

ఉన్ని దారం ముక్కలు అతికించి చూసే పద్ధతి కూడా ఉంది, గాలి ఎటు పోతోందో, ఎక్కడ చెదిరిపోతోందో అవి చూపిస్తాయి. కానీ ప్రెషర్ ఎంతో చెప్పవు. వెంట్ పెట్టాక దాని నోటి దగ్గర దారం బయటికి ఎగురుతోందా లోపలికి పీల్చుకుంటోందా చూడటానికి మాత్రం ఇంతకంటే మంచిది లేదు.

వెంట్ ఆకారం విషయం. ఊరికే కన్నం కోసి జాలీ వేస్తే బానెట్ మీదుగా పోయే గాలి కొంత వెనక అంచుకి తగిలి లోపలికి దూరుతుంది. కన్నానికి ముందు అంచున వేలి మందం ఎత్తున చిన్న కట్ట లాంటిది ఉంటే గాలి దాని మీదుగా ఎగిరి పోతుంది, దాని వెనక ప్రెషర్ ఇంకా తగ్గుతుంది, లోపలి గాలి లాగబడుతుంది. వెనక్కి తెరుచుకున్న రెక్కలు, అంటే లూవర్లు, చేసేదీ ఇదే. లూవర్లకి ఇంకో సుగుణం ఉంది, పైనుంచి పడే వాన నేరుగా ఇంజిన్ మీద పడదు. సన్నటి మెష్ అందంగా ఉంటుంది కానీ గాలి దారిని మూసేస్తుంది, పెద్ద కళ్లున్నదే వాడండి.

ఇక ఆగి ఉన్నప్పటి సంగతి. ట్రాఫిక్‌లో ఫ్యాన్ వేడి గాలిని వెనక్కి నెడుతుంది, అది పోయే చోటు లేక రేడియేటర్ పక్క సందుల్లోంచి తిరిగి ముందుకే వస్తుంది, ఫ్యాన్ మళ్లీ ఆ వేడి గాలినే లాగుతుంది. దీనికి మందు వెంట్ కాదు, సీలింగ్. రేడియేటర్‌కీ బంపర్‌కీ మధ్య కంపెనీ పెట్టిన ప్లాస్టిక్ రేకులు, ఫోమ్ పట్టీలు ఏదో రిపేరులో తీసేసి మళ్లీ పెట్టకుండా వదిలేస్తారు, ఎవరికీ పట్టదు. ముందు గుద్దుకుని బంపర్ మార్చిన కారు ఏదైనా సరే మొదట చూడాల్సింది ఇదే. బంపర్ కిందుండే ప్లాస్టిక్ పట్టీ కూడా ఊరికే లేదు, అది కారు కింద ప్రెషర్ తగ్గించి ఇంజిన్ బే గాలిని కిందికి లాగుతుంది, కొన్ని కార్లలో అది విరిగిపోతే హైవే మీద వేడెక్కడం మొదలవుతుంది. ఇంజిన్ కిందుండే ప్లాస్టిక్ ట్రే తీసేస్తే గాలి ఆడుతుందని తీసి పారేసేవాళ్లు కూడా ఇదే ఆలోచించాలి.

వెంట్ ఆగి ఉన్నప్పుడు నిజంగా పనికొచ్చేది ఇంజిన్ ఆపేశాకే. ఇంజిన్ ఆపగానే కూలెంట్ కదలదు, గాలి కదలదు, టర్బో మాత్రం నిప్పులా ఉంటుంది, ఆ వేడి అంతా చుట్టూ ఉన్నవాటికి పాకుతుంది. ఇంజిన్ బే అత్యంత వేడిగా ఉండేది నడుస్తున్నప్పుడు కాదు, ఆపిన తర్వాత కొన్ని నిమిషాల్లో. రబ్బరు గొట్టాలు గట్టిపడటం, వైర్ల తొడుగులు పెళుసెక్కడం, కాయిల్స్ (ప్లగ్గులకి స్పార్క్ ఇచ్చేవి) పాడవడం అన్నిటికీ ఈ వేడే ఎక్కువ కారణం. లెడ్ యాసిడ్ బ్యాటరీకైతే 10 డిగ్రీల వేడి పెరిగితే ఆయుష్షు ఇంచుమించు సగమవుతుందని ఒక మోటు లెక్క ఉంది. పైన వెంట్ ఉంటే వేడి గాలి దానంతట అదే లేచి పోతుంది, కింద నుంచి చల్లగాలి వస్తుంది.

ఫెండర్ (ముందు చక్రం మీదుండే పక్క రేకు) వెంట్లు బానెట్ కోయించుకోవడం ఇష్టం లేనివాళ్లకి మంచి దారి. చక్రం వెనక పక్క ప్రెషర్ తక్కువ ఉంటుంది. 1954 మెర్సిడెస్ 300 ఎస్‌ఎల్ ఫెండర్ల మీద ఉన్న మొప్పలు ఇంజిన్ వేడి బయటికి పోవడానికే పెట్టారు. కానీ ఇప్పటి కార్ల మీద చాలావాటికి వెనక అసలు కన్నమే ఉండదు, ప్లాస్టిక్ బొమ్మలు. కొనేముందు వెనక వేలు పెట్టి చూడండి.

ఒక పరిమితి గుర్తుంచుకోండి. టర్బో నుంచి వచ్చే వేడిలో పెద్ద భాగం గాలి ద్వారా కాదు, సూర్యుడి వేడిలా నేరుగా రేడియేషన్‌గా వస్తుంది. దాన్ని వెంట్ ఆపలేదు. పక్కనున్న గొట్టం, వైరు కాలుతుంటే వాటికీ టర్బోకీ మధ్య కాస్త గాలి సందు వదిలి హీట్ షీల్డ్ పెట్టాలి. కంపెనీ షీల్డ్ తుప్పు పట్టి మోగుతోందని పీకేసి ఉంటే మళ్లీ తెప్పించండి.

పవర్ తగ్గడం గురించి. గాలి 30 డిగ్రీల నుంచి 60కి వేడెక్కితే సాంద్రత సుమారు 9 శాతం పడిపోతుంది, పైగా ఇంజిన్ కంప్యూటర్ నాకింగ్ (ఇంధనం అదుపు తప్పి పేలినట్టు కాలడం) రాకుండా ఇగ్నిషన్ టైమింగ్ (స్పార్క్ పడే క్షణం) వెనక్కి లాగుతుంది. కారు కంప్యూటర్ రీడింగులు చూపించే ఓబీడీ స్కానర్‌లో ఇంటేక్ ఎయిర్ టెంపరేచర్, అంటే ఇంజిన్‌లోకి వెళ్లే గాలి వేడి, చూడండి. హైవే మీద ఎత్తు ఎక్కేటప్పుడు అది బయటి వేడి కంటే 10, 15 డిగ్రీలే ఎక్కువుంటే మీ పవర్ సమస్యకి ఇంజిన్ బే వేడి కారణం కాదు, ఇంటర్‌కూలర్ పైపు లీకు, ప్లగ్గులు, ఫిల్టర్ వైపు వెతకండి. 30, 40 ఎక్కువుంటే ఇంటర్‌కూలర్‌కి గాలి అందట్లేదు, లేదా ఫిల్టర్ ఇంజిన్ బే వేడి గాలే పీలుస్తోంది.

వెంట్ పెట్టించేదాకా వస్తే మాత్రం కొన్ని జాగ్రత్తలు. బానెట్ కింద పక్కటెముకల్లా ఉండే ఫ్రేమ్‌ని కొయ్యకూడదు, వాటి మధ్య ఖాళీల్లోనే వెంట్ పట్టాలి. పాదచారుల భద్రత కోసం బానెట్ ఎక్కడ ఎంత మెత్తగా వంగాలో లెక్క ఉంటుంది, కాబట్టి పదునైన అంచులు, పొడుచుకొచ్చే బోల్టులు అస్సలు వద్దు. వెంట్ కింద కాయిల్స్, ఆల్టర్నేటర్, ఫ్యూజ్ బాక్స్ లేకుండా చూడాలి, ఉంటే కింద వాలుగా చిన్న ట్రే పెట్టి నీళ్లు పక్కకి పోయేలా గొట్టం దించాలి. కోసిన అంచుకి ప్రైమర్ వెయ్యకపోతే తుప్పు అక్కడే మొదలవుతుంది. వారంటీ, ఇన్సూరెన్స్ వాళ్లతో కూడా ముందే మాట్లాడండి.

మీ కారుకి నేనైతే ఈ వరసలో పోతాను: ముందు కండెన్సర్, రేడియేటర్ మధ్య సందు, ఫ్యాన్, ఫోమ్ పట్టీలు. తర్వాత స్కానర్‌తో ట్రాఫిక్‌లో ఒకసారి, ఎత్తు మీద ఒకసారి కూలెంట్, ఇంటేక్ టెంపరేచర్లు రాసుకోవడం. ఇవన్నీ సరిగ్గా ఉండి కూడా వేగం మీద కూలెంట్ ఎక్కుతుంటేనే నీళ్ల ట్యూబుతో బానెట్ కొలవడం, ఆ తర్వాతే కోత. రాసుకున్న టెంపరేచర్లు, బయటి వేడి, వేగం, ఏసీ ఆన్‌లో ఉందా లేదా అన్నీ కలిపి పెట్టండి, వెంట్ కావాలా వద్దా, కావాలంటే ఎక్కడ అనేది చూసి చెప్తాను.